వియ్యంకుడి తొలి గ్లాసు

మా ఇంటికి వచ్చే చుట్టాల్లో ఎవరికి ఏం పోయాలో మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. వైన్స్ దుకాణానికి పోయి మోసుకొచ్చేది ఆయన, ఏం తేవాలో చెప్పేది నేను. కామారెడ్డిలో కాపురం పెట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి. మా అత్తకు బీరు, అదీ చల్లగా లేకపోతే ముట్టదు. దుబాయి నుంచి వచ్చే మరిదికి విస్కీ, నీళ్లు తక్కువ. వైన్ పుల్లగా ఉందని మొహం చిట్లించే ఆడవాళ్లకు రెండు ఐసు ముక్కలు వేసిస్తాను, ఇంకొంచెం పొయ్యమంటారు. ఈ విషయంలో నాకు గర్వమే, దాచుకోను.

అందుకే ఎల్లారెడ్డిలో ఉండే మా తమ్ముడు, బిడ్డ సంబంధం కుదిరాక, వియ్యంకుడికి తొలి దావత్ మా ఇంట్లోనే పెట్టమన్నాడు. మా వైపు ఆచారం ప్రకారం వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తొలి గ్లాసు కలిసి తాగాలి. ఒకరు వద్దంటే రెండో ఆయన మొహం మాడిపోతుంది, ఆ మాట ఊరంతా తిరుగుతుంది. గాంధారి నుంచి వచ్చే ఆ పెద్దమనిషికి విస్కీ ఇష్టమని ముందే వాకబు చేసి ఫుల్లు తెప్పించాను.

మధ్యాహ్నం మటన్ ఉడుకుతుండగా తమ్ముడు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. తన లివర్ పాడైందట. చుక్క ముట్టినా ప్రాణం మీదికొస్తుందని దవాఖానలో చెప్పారట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నాకు భయమూ వేసింది, ఇన్నాళ్లు దాచినందుకు కోపమూ వచ్చింది.

“తాగకపోతే ఆయన చిన్నబోతడక్కా. తాగితే నేనే పోత. ఏం జెయ్యాలె?”

చాయపత్తి మరిగించి, వడగట్టి, చల్లార్చి నీళ్లు కలిపితే అచ్చం విస్కీ రంగే. వియ్యంకుడు వచ్చి కూర్చున్నాక విస్కీ ఆయన ముందు, ఆ గ్లాసు వాడి ముందు పెట్టాను. ఇద్దరూ వేలు ముంచి, పెద్దల పేరు మీద రెండు చుక్కలు నేల మీద చిలకరించి సాక పోశారు. డికాషన్ చుక్కలు పడ్డందుకు మా నాయన పైనుంచి తిట్టే ఉంటాడు.

సగం గ్లాసు కాకముందే వియ్యంకుడు చేతులు కడుక్కునే వంకతో వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మొహం నిండా చెమటలు. గుండెకు గోలీలు వాడుతున్నాడట, మందు పూర్తిగా బంద్ చెయ్యమన్నారట.

“బావ మొహం జూసి తాగుతున్న వదినె. ఆయనకు చెప్పకు.”

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఇవాళంటే నేనున్నాను. పెండ్లి నాడు అంతమంది నడుమ వీళ్లకు డికాషన్ ఎవరు పోస్తారు? ఒట్టును గట్టు మీద పెట్టి, డికాషన్ గిన్నె తీసుకుపోయి ఇద్దరి నడుమ చాప మీద పెట్టాను. వియ్యంకుడి విస్కీ మా ఆయన చేతికిచ్చి, ఆ పెద్దమనిషికి వేరే గ్లాసులో డికాషన్ పోశాను.

“మీ ఇద్దరికీ దవాఖానల ఒక్కటే మాట చెప్పిన్రు. ఇగ దొంగాట సాలు. పిల్లల కోసమన్న బతకాలె మీరు.”

తమ్ముడు తల దించుకున్నాడు. వియ్యంకుడు వాడి గ్లాసు అందుకుని వాసన చూసి, ఒక గుక్క తాగి, మళ్లీ వాడి చేతిలోనే పెట్టాడు. తర్వాత తన గ్లాసులో వేలు ముంచి కొత్తగా సాక పోశాడు.

“పెండ్లి నాడు గూడ మనిద్దరికి గిదే, బావా.”

తమ్ముడు ఏడ్చాడు. మా నాయన పోయిన రోజు తర్వాత వాడు ఏడవడం నేను చూసింది అప్పుడే.