ఆమెన్ దాకా ఆగేవాడు

మా తమ్ముడు పోయాడు. శనివారం మధ్యాహ్నం అన్నం తిని ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు దవాఖానలో.

ఆ పొద్దున అన్ని శనివారాల లాంటిదే. లుంగీ ఎగగట్టి, వాకిట్లో పీట వేసుకుని బండి విప్పాడు. బడిలో అటెండరు పని వాడిది. సెలవు దొరికితే బండి బాగుచేసుకోవడమే విశ్రాంతి. ఎయిర్ ఫిల్టరు స్పాంజిని సర్ఫు నీళ్లలో పిసికి, దండెం మీద నా చీర పక్కన ఆరేశాడు.

"అక్కా, పాత బట్ట ఉంటె ఇయ్యి."

నా నీలం చీర కొంగు చింపి ఇచ్చాను. చేతులు తుడుచుకోవడానికనుకున్నాను. చాయ్ పెట్టిన చోటే చల్లారింది.

అన్నీ బిగించి కిక్కు కొడితే బండి దగ్గింది. నల్లటి పొగ. రేజ్ చేయగానే ఆగిపోయింది. వాడి బిడ్డకు తిరుమలగిరిలో నర్సు ఉద్యోగం వచ్చింది. డ్యూటీ వేళకు మా మోత్కూరు నుంచి బస్సు లేదు. ఆ బండి దానికోసమే.

"మంచిగున్నదాన్ని నేనే ఖరాబు చేసిన గదక్కా" అని నవ్వి చెమట తుడుచుకున్నాడు. "జర ఒరిగి లేస్త. ఏడనో చిన్న తప్పే ఉంటది."

నేను కాపురం చేసింది మర్రిగూడలో. అక్కడి ఫ్లోరైడు నీళ్లకు నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఆయన పోయాక నన్ను తెచ్చుకున్నది తమ్ముడే. ప్రతి ఆదివారం చర్చికి వాడి వెనక కూర్చుని వెళ్లేదాన్ని. గుంత ఉన్నా లేకున్నా "గట్టిగ పట్టుకో అక్కా" అనేవాడు. బయలుదేరే ముందు ట్యాంకు మీద చేయి పెట్టి ప్రార్థించడం నా అలవాటు. వాడు కిక్కు మీద కాలు పెట్టి ఆగేవాడు. ప్రార్థన పొడుగైతే ఊరుకునేవాడు కాదు.

"పక్క సందు దాకే గద పోయేది. ఢిల్లీ పోతున్నమని చెప్తున్నవా దేవునికి?"

అయినా నేను ఆమెన్ అనకముందు ఏనాడూ కిక్కు కొట్టలేదు.

ఏదీ పారేయనిచ్చేవాడు కాదు. "మొరాయించే బండి చెడ్డది కాదక్కా. దానికేం గావాల్నో మనమే అడుగలే" అనేవాడు.

జ్ఞాపకార్థ కూడిక అయ్యేసరికి అందరం అలసిపోయాం. గిన్నెలు కడిగే ఓపిక కూడా లేదు. మరదలి అన్న బండిని కిక్కు కొట్టి చూశాడు. అదే దగ్గు.

"బావతోనే పోయింది దీని పానం. అమ్మెయ్యి చెల్లె. పిల్లకు నౌకరెందుకు, సంబంధం జూద్దాం."

పిల్ల వెళ్లి వాళ్ల నాయిన పీట మీద కూర్చుంది. ప్లగ్గు తీస్తే మసిబట్టి ఉంది. తుడిచి పెట్టి నడిపి చూసింది. మళ్ళీ మసి.

"అత్తమ్మా, పెట్రోలు అందుతుంది. గాలే అందుతలేదు."

"నర్సువా, మెకానిక్‌వా నువ్వు?" అన్నాడు వాళ్ల మామ.

"రెండిట్ల గదే పని మామా. ఊపిరాడుతుందా లేదా సూసుడే."

బండి పక్కనున్న ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి స్పాంజి తీసింది. దాని వెనక గాలి పోయే గొట్టంలో వేళ్లు పెట్టి లాగితే నా నీలం చీర ముక్క వచ్చింది. స్పాంజి ఆరేదాకా లోపలికి దుమ్ము పోకుండా తమ్ముడే కుక్కి, తీయడం మరిచి, పైన స్పాంజి పెట్టేశాడు. ఏదీ మరిచేవాడు కాదు. ఆరోజు ఎంత అలసి ఉన్నాడో అప్పుడు తెలిసింది మాకు.

"బాపు మర్సిపోయిండు" అని పిల్ల నవ్వింది. నవ్వుతూనే ఆ మసి బట్టను మొహానికి అదుముకుంది.

ఆ సాయంత్రమే అనుకున్నాం. బండి అమ్మడం లేదు. సంబంధం మాట ఇప్పుడు లేదు. సోమవారం పిల్ల డ్యూటీలో చేరుతుంది. తేల్చింది మరదలే, ఒక్క మాటతో: "పోనియ్యన్నా."

చీకటి పడకముందు పిల్ల బండిని వాకిట్లోకి తోసుకొచ్చింది. ఎక్కి, కిక్కు మీద కాలు పెట్టింది. కొట్టలేదు. నా వైపు చూస్తూ ఆగింది.