రోదసి గుమ్మం దాకా వెళ్లొచ్చిన పైలట్ ఇంట్లో ఒక ఆదివారం

మా అమ్మాయి హరిణి పైలట్ శిక్షణకు రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటి చివరి వైద్యపరీక్షలో ఆగిపోయింది. వెన్నెముకలో చిన్న వంపు ఉందట. బయటికి కనిపించదు, నొప్పీ లేదు. పద్దెనిమిదేళ్లుగా మాకెవరికీ తెలియని ఆ వంపు, రెండు నెలలుగా మా ఇంట్లో నాలుగో మనిషిలా తిరుగుతోంది. నేను పనిచేసే బడిలో ఒక టీచరమ్మ, సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర ఉండే తన పెదనాన్న విజయరత్నం గారి గురించి చెప్పింది. నౌకాదళంలో హెలికాప్టర్ పైలట్‌గా చేసి రిటైరయ్యారు. రోదసి యాత్రకు అభ్యర్థిగా ఎంపికై, ఆఖరి మెట్టు మీద వెనక్కి వచ్చారట. ఫోన్ చేస్తే, "ఆదివారం రండమ్మా, అన్నం ఇక్కడే," అన్నారు.

మనుబోలులో ఏడున్నరకు బస్సెక్కితే ఎనిమిదీ ఇరవైకి నెల్లూరులో దిగాము. బస్టాండు ఎదుట కారం దోశ తిని, తొమ్మిదింపావుకు మైపాడు బస్సు పట్టుకున్నాము. పల్లెవెలుగే కాబట్టి ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. వరిపొలాలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు దాటుతూ గంటలో చేరాము. అక్కడి నుంచి ఆయన ఇల్లు రెండు కిలోమీటర్లు. ఆటోకు యాభై రూపాయలు.

"కమాండర్ గారింటికా అక్కా? ఇప్పుడు చర్చిలో ఉంటారు. పదకొండు దాటాల," అన్నాడు ఆటో నడిపే మస్తానయ్య. "నేను గూడా చేపల వేటకు పోయే రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకున్నోడినే."

"ఏం నేర్చుకున్నావు?"

"వేలాడ్డం," అన్నాడు. నవ్వలేదు.

ఆయన భార్య గ్రేసమ్మ గారు చర్చి నుంచి వస్తూనే చేపల పులుసు పొయ్యి మీద పెట్టారు. విజయరత్నం గారికి డెబ్బై దాటాయి. హరిణిని ఏమీ అడక్కుండా తన సంగతే మొదలుపెట్టారు. కోవూరులో బడిపంతులు కొడుకు. ఇరవై రెండేళ్లకు నౌకాదళం. ఊగే ఓడ మీద హెలికాప్టర్ దించడంలో మంచి పేరు. ఆ పేరుతోనే రోదసి ఎంపికకు పిలుపొచ్చింది.

"నెలల తరబడి కుర్చీలో కూర్చోబెట్టి తిప్పినారు, వేడి గదిలో పెట్టినారు, చీకటి గదిలో ఒంటరిగా వదిలేసినారు. అన్నీ దాటినా. ఆఖర్న ఒక డాక్టరు నా చెవిలో నీళ్లు పోసి, కళ్లలోకి చూసినాడు. చెవి లోపల ఏదో తేడా ఉందన్నాడు. అయిదు నిమిషాలు పట్టింది."

ఆ రోజు హరిణి నోరు విప్పింది అప్పుడే. "తర్వాతేం చేశారు?"

"ఏడాది పాటు పేపరు చదవలా."

"చదవకపోవడమా? ఇంటికే రానీలేదు," అన్నారు గ్రేసమ్మ గారు వంటింట్లోంచి. "ఊళ్లో ఏం జరిగేదీ పక్కింటోళ్లు చెప్పాల్సిందే."

పులుసులో మామిడికాయ ముక్కలు బాగా ఊరాయి. భోజనాల దగ్గర ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఉద్యోగంలో ఉండగా ఒక తుపాను మర్నాడు సముద్రంలో బోల్తా పడిన పడవను పట్టుకుని అయిదుగురు కనిపించారు. హెలికాప్టర్ లోంచి తాడుకు కట్టిన పట్టీ దించి, చంకల కింద వేయించి, ఒక్కొక్కరినీ లాగారు. నలుగురు వచ్చేశారు. అయిదో మనిషి తలుపు దాకా వచ్చి, లోపలి మనుషుల్ని చూసి రెండు చేతులూ పైకెత్తాడు. చేతులెత్తితే పట్టీ జారిపోతుంది.

"దణ్ణం పెట్టబోయినాడో, అందుకోబోయినాడో నాకిప్పటికీ తెలీదు. మళ్లీ దొరకలా." ఆయన హరిణి వైపు తిరిగారు. "ఆ మనిషికి ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పుంటే బతికేవాడు."

అందుకే రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. నెలలో మొదటి ఆదివారం మూడింటికి, ఇంటి వెనక సరుగుడు తోటలో నిలువుగా పాతిన రెండు దుంగల మీద అడ్డకర్ర వేసి, కప్పీ బిగించి, వేటకు పోయేవాళ్లకు ఆ పట్టీలో వేలాడ్డం నేర్పుతారు. మేము వెళ్లింది ఆ ఆదివారమే. తాడు లాగేది మస్తానయ్య. ఒక్కొక్కరు పైకి పోతుంటే కింద నుంచి కమాండర్ గారు, "చేతులు కిందికి, మోచేతులు ఒంటికి," అంటూనే ఉన్నారు.

వరదొస్తే ఇళ్ల కప్పుల మీంచి హెలికాప్టర్‌లోకి ఎక్కాల్సింది ఆడవాళ్లు కూడా కదా. కానీ పట్టీ తొడిగేది మగవాళ్లని, అక్కడికొచ్చిన ఆడవాళ్లలో ఎవరూ ముందుకు రాలేదు. హరిణి లేచింది. ముందు తను తొడుక్కుని మనిషెత్తు దాటి పైకి పోయి, చేతులు ఒంటికి అదిమిపట్టి దిగింది. ఆ తర్వాత ఒక్కొక్క అక్కకూ తనే పట్టీ వేసింది. ఏడో ఆమె భయంతో చెయ్యెత్తబోతే, "అక్కా, నన్ను చూడు, చేతులొద్దు," అని గట్టిగా అరిచింది. ఆమె చేతులు దించేసింది. రెండు నెలల్లో ఆ పిల్ల గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

టీ తాగుతున్నప్పుడు హరిణి అడిగింది. "మీకు ఇంకా బాధగా ఉంటుందా తాతగారూ?"

"ఉంటుంది. శ్రీహరికోట నుంచి రాకెట్టు పోతే ఈ మిద్దె మీదికే కనిపిస్తుంది. ఆ పూట కొంచెం ఎక్కువుంటుంది. తర్వాత ఆకలేస్తుంది."

హరిణి నవ్వింది.

అయిదున్నర బస్సుకు తిరిగి బయల్దేరాము. సంగతులన్నీ తేలిపోయాయని నేననను. హరిణి ఇంకా ఏ కోర్సులోనూ చేరలేదు. ఓదార్చాలని రెండు నెలలు నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ ఆయన చెప్పలేదు. బాధ పోతుందని గానీ, అంతా మంచికే అని గానీ అనలేదు. పని చూపించారు, అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తను నన్ను అడిగింది ఒకటే: "అమ్మా, వచ్చే నెల మొదటి ఆదివారం నీకు ఖాళీయేనా?"

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. మైపాడులో అల చిన్నగా కనిపించినా నాలుగడుగులు వేసేసరికి లోతు వస్తుంది. మోకాళ్లు దాటి దిగకండి, దిగేముందు అక్కడ చేపల వేటకు పోయేవాళ్లను ఒక్కసారి అడగండి. అడిగితే చెప్పని వాళ్లు నాకు ఆ తీరంలో కనిపించలేదు.