షన్ మాటలు, సున్నం వేళ్లు

మా చిన్నప్పుడు శనివారం ఆఖరి గంట కొడుతున్నారంటే నేను వెనక వరసలోకి జారుకునేవాణ్ణి...

ఆ గంటలో ఇంగ్లీషు మాస్టారు పాఠం చెప్పేవాడు కాదు. తోక మాటల ఆట ఆడించేవాడు. ఆయన ఒక తోక ఇస్తాడు. ఆ తోకతో అయిపోయే ఇంగ్లీషు మాటలు వరసగా ఒక్కొక్కరం చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. చెప్పలేనివాడు లేచి నిలబడాలి. తర్వాత చెప్పినవాళ్లు వచ్చి వాడి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే, కొట్టినవాళ్లకు మాస్టారి చేతిలో పడతాయి.

పిల్లల చేత పిల్లల్ని కొట్టించడం... అప్పట్లో ఎవరికీ తప్పనిపించలేదు.

మాది పిడుగురాళ్ల పక్క పల్లె. పొలాలున్నాయి, ఊరి చివర సున్నం బట్టీ ఉంది. మా నాయన మాటకు ఊళ్లో ఎదురు లేదు. నాకు మాత్రం చదువు రాదు. రాదని చెప్పుకోవడానికి ఈ రోజుకీ నాకు సిగ్గు లేదు.

నాగమ్మ మా బట్టీలో రాయి మోసే కోటయ్య కూతురు. నా తరగతే. మధ్యాహ్నం వాళ్ల నాయనకు అన్నం ఇచ్చి, బట్టీ దగ్గర నుంచి పరుగున బడికి వచ్చేది. గోళ్లలో, అరచేతి గీతల్లో తెల్లగా సున్నం. కొట్లో పప్పు కట్టిచ్చిన కాయితం దొరికినా వదలకుండా కూడబలుక్కుని చదివేది. పెద్దయితే నర్సమ్మనవుతానని కనపడిన వాళ్లందరికీ చెప్పేది.

ఆ శనివారం ఇచ్చిన తోక... షన్.

నేను ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. స్టేషన్. నడికుడిలో ఎన్నిసార్లు రైలెక్కలేదు నేను! ముందు వరసల వాళ్లు రేషన్, జంక్షన్, పెన్షన్ ఊడ్చేశారు. సరే, నాది నాకుందిలే అనుకున్నా. సరిగ్గా నా ముందు కూర్చున్న రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు "స్టేషన్" అన్నాడు.

లేచి నిలబడ్డాను.

"ఏరా, ఎలక్షన్ వస్తే ఊరంతా మీ అరుగు మీదే ఉంటదిగా. అదన్నా తట్టలేదంట్రా?" అన్నాడు మాస్టారు. పిల్లలు పడి పడి నవ్వారు.

నా తర్వాతి వంతు నాగమ్మది.

"ఇంజెక్షన్" అంది టక్కున. అన్నాక గానీ ఎవర్ని కొట్టాలో చూసుకోలేదు పాపం... మొహం పాలిపోయింది.

వచ్చి, ముక్కు పట్టుకుని, చెంప మీద అలా తాకించి చెయ్యి తీసేసింది.

"ఏమే, దుమ్ము దులుపుతన్నావా? సరిగ్గా కొట్టకపోతే నీకు రెండు పడతయ్యి" అని అరిచాడు మాస్టారు.

నాగమ్మ నాకు మాత్రమే వినపడేట్టు అంది. "కళ్లు మూసుకో అయ్యా... సున్నం పడిద్ది."

మూసుకున్నాను. కొట్టింది.

ఇంటికి వెళ్లేసరికి నా బుగ్గ మీద నాలుగు తెల్లటి వేళ్లు. తుడుచుకోవచ్చు. తుడుచుకోలేదు. మా నాయన అరుగు మీదే ఉన్నాడు.

"ఎవురు రా?"

"కోటయ్య కూతురు."

"ఎందుకు?"

మాస్టారు కొట్టమన్నాడు, ఆ పిల్ల ముందు మెల్లగానే కొట్టింది... ఇంతే చెప్పాల్సింది. కానీ అది చెబితే, నాకు మాట రాలేదని కూడా చెప్పాలి.

"ఏమో... ఊరికినే" అన్నాను.

సాయంత్రం కోటయ్యను పిలిపించాడు మా నాయన. కోప్పడలేదు. తిట్టలేదు.

"ఏరా కోటయ్యా, మీ పిల్ల చెయ్యి బాగా లేస్తందంటగా. ఆ లేచేదేందో బట్టీ కాడ లేవనీ."

"చిన్నపిల్ల అయ్యా... తెలవక చేసింది. నర్సమ్మనవుతానని ఒకటే ఇది..."

"సోమవారం నుంచి పంపు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. కోటయ్య నా వైపు ఒకసారి చూశాడు. నేను నోరు తెరవలేదు.

సోమవారం బళ్లో నాగమ్మ చోటు ఖాళీ. మాస్టారు హాజరు పిలుస్తూ ఆ పేరు దాటేశాడు. ఆయనకూ మా నాయనంటే భయమే. ఆ పై ఏడు నేనూ బడి మానేశాను. నాకు అబ్బలేదు, మానేశాను. ఆ పిల్లకు అబ్బింది... అయినా మాన్పించారు.

రెండేళ్లకు నాగమ్మ సున్నం రాళ్ల మీద నీళ్లు పోస్తుంటే చిట్లి కుడి కంట్లో పడింది. ఆ కన్ను పోయింది.

మొన్నామధ్య సత్తెనపల్లిలో కంటి శిబిరం పెడితే శుక్లాలు చూపించుకోవడానికి వెళ్లాను. వరసలో నా పక్క ముసలామె నా గొంతు విని, "పెద్దింటి అయ్యవా? నేను నాగమ్మని" అంది. మిగిలిన కంటికీ శుక్లం వచ్చిందట.

"ఏమన్నారు?" అన్నాను.

"ఆపరేషనంట" అని నవ్వింది. "ఇది కూడా షన్నే గదయ్యా... ఆ రోజు నీకు ఇదన్నా తట్టుంటే పోయేది."

ఎగతాళి లేదు. నిష్ఠూరం లేదు. నేను మాట చెప్పలేకపోవడమే ఆ రోజు జరిగిన తప్పని ఇన్నేళ్లుగా ఆమె అనుకుంటోంది. ఆ తర్వాత అరుగు దగ్గర నేనన్న మాట ఆమెకు తెలియదు. అప్పుడన్నా చెప్పాలి... లోపలికి పిలుస్తున్నారని లేచి వచ్చేశాను.

ఎవరికీ తలవంచని మనిషినని నాకు పేరు. ఆ పేరు సంగతి నాకు తెలుసు.

నేను చెబుతుంటే మా మనవరాలు ఇదంతా ఫోన్లో టైపు చేస్తోంది. ఇక్కడిదాకా వచ్చి, ఆపి, నా మొహం చూసింది. తనూ ఫోన్లో ఇలాంటి తోక మాటల ఆటే ఆడుతుంది. మాట తట్టకపోతే ఎర్ర గీత వచ్చి పోతుంది... అంతే. ఎవరి చెంపా పగలదు, ఎవరి బడీ పోదు. కాలం ఆ మాత్రం మారింది, సంతోషం.

"తాతా, ఆమె ఇది చదువుతదా?" అంది.

ఆ కళ్లతో చదవలేదమ్మా. అందుకే ఇక్కడ రాయిస్తున్నాను... ఇంకా ధైర్యం చాలక.

మీరు కూడా కింద కామెంట్లలో బళ్లో తిన్న దెబ్బలు రాస్తారు, తెలుసు. మీరు నోరు మూసుకోవడం వల్ల ఇంకొకరికి తగిలింది ఏదన్నా ఉంటే... ముందు అది రాయండి.