నేను రాసిచ్చిన స్వస్థత వచనాలు

మా చెల్లెలి కాలు నల్లబడుతోందని నాకు చెప్పింది మా మేనకోడలు. పొద్దున ఏడు గంటలకు, నేను చాయ్ పక్కన పెట్టుకొని నిన్నటి డైరీలో మిగిలిపోయిన రెండు ముక్కలు రాసుకుంటుండగా ఫోన్ చేసింది.

"మామా, నువ్వు జర ఇంటికి వస్తవా? అమ్మ కాలు నల్లగైతాంది. దవాఖానకు రమ్మంటె రానంటాంది."

"ఎప్పటి సంది?"

"పది రోజులాయె. చెప్పు కరిసిన పుండే. షుగర్ గోళీలు గూడ బంద్ వెట్టింది. నాకు చెప్పలె. నిన్న డబ్బ తీసి చూస్తె నిండ అట్లనే ఉన్నయి."

"గోళీలు ఎందుకు బంద్ వెట్టింది?"

"నువ్వొచ్చి చూడు మామా. ఫోన్ల చెప్తె మంచిగుండదు."

హనుమకొండలో మా ఇంటి నుంచి మడికొండకు ఆటోలో అరగంట కూడా పట్టదు. మా చెల్లెలు భర్త పోయిన తర్వాత, కూతురి ఉద్యోగం ఐటీ పార్కులో కావడంతో, అక్కడే కొత్తగా లేచిన కాలనీలో ఉంటోంది. ఆ కాలనీకి దగ్గరలో రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న క్రైస్తవ సహవాసానికి పోతుంది. మేము పుట్టి పెరిగిన సంఘం వేరు. నేను ఆ సంఘ పెద్దల్లో ఒకడిగా ముప్పై ఏళ్ళు ఉండి, మోకాళ్ళు మొరాయించాక తప్పుకున్నాను. ఆమె వేరే చోటికి పోతున్నదని నేనెప్పుడూ బాధపడలేదు. దేవుడు ఒక్కడే కదా అనుకున్నాను.

ఇంట్లో అడుగు పెట్టగానే వాసన తగిలింది. మా చెల్లెలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, కుడికాలు స్టూలు మీద పెట్టుకొని ఉంది. కాలి మీద పాత చీర ముక్క కప్పింది. నేను అడగక ముందే మేనకోడలు దాన్ని తీసింది. రెండో వేలు కాల్చిన వంకాయ తోలులా ముడుచుకొని ఉంది. పక్క వేలు కూడా రంగు మారుతోంది. పాదం మీద చర్మం బిగిసి మెరుస్తోంది.

"నొస్తాందా?" అన్నాను.

"వారం కింద మస్తు నొచ్చింది. ఇప్పుడు సూదిల కుచ్చినా తెల్వది. దేవుడు ముట్టిండన్నా" అంది. ముఖంలో నవ్వు కూడా ఉంది.

షుగర్ ఉన్న మనిషి కాలికి నొప్పి పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆఫీసులో ఒక అటెండరు సరిగ్గా ఇదే మాట సంతోషంగా చెప్పిన వారానికి మోకాలి కింద కాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు.

"లే చెల్లె. ఆటోను పోనియ్యలె, బయటనే ఉంది."

"నువ్వు రాసిందే గదనె?" అంటూ ఒళ్ళో ఉన్న బైబిలు తెరిచి, నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

అది జిరాక్సుకు జిరాక్సు. అక్షరాలు అంచుల్లో అలుక్కుపోయాయి. అయినా నా రాత నాకు తెలియదా? పైన "స్వస్థత" అని రాసి కింద రెండు గీతలు. ఆ తర్వాత వరుస సంఖ్యలు వేసి వచనాలు. నేను తహసీలు ఆఫీసు రికార్డు రూములో పనిచేసినవాణ్ణి. ఏ కాగితమైనా అంశం ప్రకారం విడదీసి పట్టీ రాయడం నా పని. బైబిలుకు కూడా అదే చేశాను. ఓర్పు, అప్పులు, పెండ్లి, కోపం, ప్రతిదానికీ ఒక కాగితం. సంఘంలో ఎవరికి అవసరమైతే వారికి ఇచ్చేవాణ్ణి. వాళ్ళు జిరాక్సు తీసి ఇంకొకరికి ఇచ్చేవారు. నాకు గర్వంగా ఉండేది.

చెల్లెలు వేలు పెట్టి చివరి వరుస చూపించింది. అక్కడ "హెచ్చరిక" అని విడిగా రాసి, కింద ఒక్కటే వచనం వేశాను. పాదాల్లో జబ్బు పుట్టిన ఒక రాజు, ఆ జబ్బు విషయంలో దేవుణ్ణి అడగకుండా వైద్యులను పట్టుకున్నాడని చెప్పే చోటు అది. తర్వాతి వచనంలోనే ఆ రాజు చనిపోతాడు.

"రాజుకు కాళ్ళ రోగమే. నాకు కాళ్ళ రోగమే. ఇంకెట్ల చెప్తడన్నా దేవుడు? మైకు వెట్టి చెప్తడా?"

నేను ఇతర వచనాలు ఎత్తుకున్నాను. ఇంకొక రాజుకు పుండు లేస్తే ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు కదా అన్నాను.

"కట్టుమన్నడు. కొయ్యమన్నడా?"

కడుపు బాగాలేని శిష్యుడికి అపొస్తలుడు కొంచెం ద్రాక్షారసం తీసుకొమ్మని ఉత్తరం రాశాడు కదా అన్నాను.

"సరె, తాగుత. తెప్పియ్. పెద్దమనిషివి, నువ్వే పోయి తే దుకాణం కాడికి" అంది. మేనకోడలు నవ్వబోయి ఏడ్చేసింది.

ఈలోగా వాళ్ళ పాస్టరు వచ్చాడు. చెల్లెలే ఫోన్ చేయించిందట. నలభై లోపు మనిషి. ఒకప్పుడు లారీల మీద క్లీనరుగా తిరిగి, రక్తం కక్కుకుంటూ పడిపోయి, ప్రార్థనతో లేచానని సాక్ష్యం చెప్తాడు. అది అబద్ధమని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు కూడా అనుకోలేదు. అతడు వంగి నా కాళ్ళు మొక్కినంత పని చేశాడు.

"పెద్దయ్యా, మీ కాయితం మీదనే నేను మూడు ఆదివారాలు వాక్యం చెప్పిన" అన్నాడు.

ఆ మాట అభిమానంతో అన్నాడు. నేను మాత్రం లెక్క వేసుకుంటున్నాను. మూడు ఆదివారాలు. ఆ షెడ్డులో ఎంతమంది కూర్చొని విన్నారో, ఇంటికి పోయి ఎవరు ఏ గోళీలు మానేశారో.

"తమ్ముడూ, ఆ రాజు తప్పు వైద్యుని దగ్గరికి పోవుడు కాదు" అన్నాను. "అంతకు ముందే అతని తప్పు చెప్పిన ప్రవక్తను జైల్ల ఏసిండు. దేవుణ్ణి అడుగుడే మానేసిండు. వైద్యుని దగ్గరికి పోయినప్పుడు గూడ దేవుణ్ణి అడుగలేదని రాసి ఉంది, అంతే. జర దానికి మీదున్న వచనాలు చదువు."

అతడు తన బైబిలు తీసి, నిలబడే చదివాడు. నిదానంగా, పెదవులు కదిలిస్తూ చదివాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు.

"మరి ఆ ముక్క మీ కాయితంల ఎందుకు లేదు పెద్దయ్యా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

మా సంఘంలో పెద్దల మధ్య ఏ తగాదా వచ్చినా అందరూ నా వైపు చూసేవారు. గుడిలో డప్పు వాయించవచ్చా, వేరే మతం వాళ్ళ పెండ్లి భోజనం తినవచ్చా, ఏదైనా సరే. నేను కాగితం తీసేవాణ్ణి. ఎవరి పక్షాన వచనాలు ఎక్కువైతే వాళ్ళ మాట నెగ్గేది. దేవుని చిత్తం అలా తేలిపోయేది, మేము చాయ్ తాగి ఇళ్ళకు పోయేవాళ్ళం. ఇప్పుడు మా చెల్లెలి పక్షాన ఆ కాగితంలోని ముప్పై ఎనిమిది వచనాలు ఉన్నాయి. నా పక్షాన రెండు.

"ఒక్క గంట. గంటలో వస్త" అని చెప్పి మళ్ళీ అదే ఆటో ఎక్కాను. ఆ కాగితం ఎప్పుడు, ఏ ఆలోచనతో తయారుచేశానో తెలిస్తే, దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలుస్తుందనిపించింది. పద్దెనిమిదో ఏట నుంచి ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్న మనిషికి ఇంకేం తోస్తుంది?

బీరువాలో డైరీలన్నీ ఏళ్ళ వరుసలో ఉన్నాయి. తొందరలో రెండు కింద పడ్డాయి. నా భార్య కిందపడ్డవి తీసి పెడుతూ "ఏం దేవులాడవట్టినవ్, ముందు నీళ్ళు తాగు" అంది. ఏ ఏడాదో గుర్తు లేదు. చెల్లెలికి పెండ్లి కాకముందా, తర్వాతా? నాలుగు డైరీలు తిరగేశాను. ప్రతి పేజీ తిప్పినప్పుడూ ఆ పాదం మీద మెరిసే చర్మమే కనిపిస్తోంది. అయిదో దానిలో దొరికింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"అపెండిక్స్ ఆపరేషన్ అయి నాలుగో రోజు. జ్వరం లేదు. దేవునికి స్తోత్రం. డాక్టరుగారికి కూడా. మంచం మీద పొద్దుపోక స్వస్థత వచనాలు ఏరి రాశాను. ఎడమ చేతికి సెలైన్ ఉంది, కదిల్చినందుకు నర్సు కోప్పడింది. చెల్లె జావ తెచ్చింది. రాస్తుంటే కాగితం జారకుండా పట్టుకుంది. మందులు, వైద్యుల గురించినవి రెండో పేజీలో రాయాలి."

మర్నాటి పేజీలో ఒక్క ముక్క. "డిశ్చార్జి. ఇంటికి వచ్చాము."

ఆ తర్వాత వారం, పది రోజులు, నెల చూశాను. రెండో పేజీ మాట ఎక్కడా లేదు. దాని బదులు, రెండు వారాల తర్వాత, స్వస్థత కాగితం జిరాక్సు కోసం ఒక సోదరుడు పట్టుకుపోయాడని రాసి ఉంది.

నేను తిరిగి వెళ్ళేసరికి పాస్టరు అక్కడే, చెల్లెలి కుర్చీ పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. ఆమె ముఖం ఎర్రగా ఉంది. ముట్టుకుంటే జ్వరం. నేను ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. డైరీ తెరిచి ఆ రెండు రోజులూ చదివాను.

చెల్లెలు డైరీ మీదికి వంగి చూసింది.

"నేను పట్టుకున్న గదనె ఆ కాయితం" అంది. "నర్సమ్మ నన్ను గూడ తిట్టె. నువ్వు పొట్ట కోయిపిచ్చుకోని, దవాఖాన మంచం మీద పండి, దవాఖానకు పోవద్దని రాసినవా?"

"పోవద్దని రాయలె చెల్లె. సగం రాసిన. సగమే ఇచ్చిన."

"నాకెందుకు యాదికి రాలె ఇది?"

ఆ ప్రశ్న నన్ను అడిగిందో, తనను తాను ప్రశ్నించుకుందో తెలియలేదు. కాలు వైపు చూసుకుంది. కాగితాన్ని మడిచి బైబిలులో పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే ఉంచుకుంది.

"నాకు భయమైతాందన్నా" అంది. "మొదటి రోజు సంది అయితాంది. భయమంటె విశ్వాసం లేదంటరని ఎవ్వరికి చెప్పలె. అయ్యగారికి గూడ చెప్పలె."

పాస్టరు తల వంచుకున్నాడు.

"పా" అంది కూతురితో. "చీర మార్చుకుంట. గీ వాసనతోని పోతె ఆటో ఆయన దించేస్తడు."

నేనూ మేనకోడలూ చెరో పక్క పట్టుకొని ఆమెను గేటు దాకా తెచ్చాము. పాస్టరు గేటు దగ్గర నిలబడ్డాడు.

"నేను ఆపను పెద్దయ్యా. పొరపాటు నాది గూడ ఉంది. కని ఆమెన్ అని నా నోట వస్తలేదు. నన్ను లేపింది మందు కాదు. నేను దాన్ని ఎట్ల కాదనాలె?"

"కాదనకు" అన్నాను.

ఆటోలో చెల్లెలు నా చెయ్యి వదల్లేదు. "దేవునికి కోపమొస్తదా అన్నా?" అంది. ముప్పై ఏళ్ళు పెద్దరికం చేసిన నోటికి "రాదు" అనే మాట ఎంత తేలిక! "నాకు తెల్వదు చెల్లె. నేను నీ పక్కనే ఉంట" అన్నాను. నిజంగానే తెలియదు. ఇప్పటికీ నాకు రోజూ తెల్లవారుజామున అదే భయం. పొరపాటు కాగితం రాసింది నేను, పొరపాటుగా చదివింది ఆమె, మధ్యలో దేవుడు ఎక్కడ మాట్లాడాడు?

దవాఖానలో కాలు చూసిన డాక్టరు ఆవిడ నన్ను ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. గోళీలు ఎప్పుడు మానేశారు? ఎందుకు మానేశారు? ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా? నేను ఉన్నానని చెప్పాను. విషం పైకి పాకుతోందని, వేళ్ళతో ఆగకపోవచ్చని, మోకాలి కింద దాకా తీయాల్సి రావచ్చని, ప్రాణానికి కూడా హామీ లేదని చెప్పి సంతకం పెట్టమంది. సంబంధం అన్న చోట "అన్న" అని రాశాను. పెన్ను ఆగలేదు గానీ, అక్షరాలు నావిలా లేవు.

రెండు వేళ్ళు, పాదంలో ముందు భాగం కొంత తీశారు. మూడు రోజులు జ్వరం దిగలేదు. ప్రతి పూటా డాక్టరు కట్టు విప్పినప్పుడు నేను గోడ వైపు తిరిగేవాణ్ణి. ఆ మూడు రోజులు డైరీలో ఉష్ణోగ్రత తప్ప ఏమీ రాయలేదు. వరండాలో పచార్లు చేస్తూ, నేను ఆ కాగితం ఎవరెవరికి ఇచ్చానో పేర్లు గుర్తు చేసుకునేవాణ్ణి. ఒక పేరు వెనుక ఇంకొకటి వచ్చేది. కొందరు చనిపోయారు. ఎందుకు చనిపోయారో నేనెన్నడూ అడగలేదు.

నాలుగో రోజు పొద్దున జ్వరం విడిచింది. పుండు శుభ్రంగా ఉందని, ఇక పైకి కోసే పని లేదని డాక్టరు చెప్పింది. నేను గోడ పట్టుకొని అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. చెల్లెలే "అన్నా, నీకు బీపీ చూడుమందునా?" అని అడిగింది.

మధ్యాహ్నం పాస్టరు వచ్చాడు. మంచం పాదాల వైపు నిలబడి, కట్టు వైపు చూడలేక కిటికీ వైపు చూస్తున్నాడు.

"కూసో అయ్యగారూ. కాలు లేదని భయపడుతానవా? మడిమె ఉంది, నడుస్త" అంది చెల్లెలు. "ఎవరెవరు గోళీలు బంద్ వెట్టిండ్రో మా అన్న నీతోని ఇల్లిల్లు తిరుగుతడట. మోకాళ్ళు నొస్తయి, జర మెల్లగ తీస్కపో."

ఆ మాట నేను ఆమెతో అనలేదు. కానీ కాదనలేదు.

పాస్టరు తల ఊపాడు. "ప్రార్థన చేస్తనమ్మా. ఏమని చేయాలె?" అన్నాడు.

"నాకు తెల్వదు. మా అన్నకు గూడ తెల్వదట. నువ్వే మొదలువెట్టు."

అతడు కళ్ళు మూసుకున్నాడు. మాట రాలేదు. మేము ముగ్గురం తలలు వంచుకొని ఎదురుచూస్తున్నాము. పక్క మంచం మీది ముసలామె కొద్దిసేపు చూసి, ఓర్చుకోలేక అంది. "జల్ది గానియ్యుండ్రి కొడుకా, అన్నం బండి వస్తాంది."