తలుపు అంచున దూది

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మా ఆఫీసున్న భవనానికి గోడ కనిపించేది కాదు. పైనుంచి కింద దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులే. మెట్లెక్కుతుంటే చేతిలో జావా పాంప్లెట్ ఒకటి, ఒరాకిల్ పాంప్లెట్ ఒకటి పడేవి. ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటుంటే మేం తలుపులు కాల్చేవాళ్ళం.

నిజంగా అదే మా పని. కొత్తగా లేస్తున్న అద్దాల మేడల్లో వాడే తలుపులు, పూతలు, గోడ పలకలు మంటకు ఎంతసేపు తట్టుకుంటాయో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళం. కింద ఇరానీ హోటల్లో చాయ్ తెచ్చే ఆయన ఒకసారి అడిగాడు.

"ఏం కొలువు జేస్తవన్నా?"

"తలుపులు కాలుస్తాను."

"గదానికి జీతం సుత ఇస్తరా? మస్తుందన్నా! మా ఇంట్ల పాత తలుపున్నది, తెమ్మంటవా?"

కొలిమి సనత్‌నగర్ షెడ్డులో ఉండేది. తలుపుకు ఒకవైపు మంట పెట్టి, మేం రెండోవైపు నిలబడేవాళ్ళం. పొడుగాటి కమ్మీ చివర దూది ముద్ద బిగించి తలుపు అంచుల వెంట పెట్టేవాళ్ళం. దూది అంటుకుంటే సందులోంచి మంట దాటుతున్నట్టు. తలుపు ఫెయిల్. ఫెయిలైతే మాకు బాధేమీ ఉండేది కాదు, రాసుకుని టీకి వెళ్ళేవాళ్ళం.

శనివారం మధ్యాహ్నాలు మాత్రం పంజాగుట్టలో గడిచేవి. ఒక సందులో, మేడ మీది హాల్లో, కాలిన గాయాలు మానుతున్న పిల్లల చేత వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ మేడం ఉండేది. కాకినాడ ఆవిడ. మా ఆఫీసు తరఫున సాయానికి వెళ్ళమంటే మొదట మొహమాటానికి వెళ్ళాను, తర్వాత శనివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. క్యారమ్స్ బోర్డు చప్పుడు, కాలిన మచ్చలు ఉబ్బకుండా ఒంటికి బిగుతుగా పట్టే తొడుగులు వేసుకున్న పిల్లల అరుపులు, కిటికీలోంచి వచ్చే మిర్చి బజ్జీల వాసన. ఇప్పటికీ బజ్జీలు వేగుతున్న వాసన వస్తే ఆ హాలే గుర్తొస్తుంది.

అక్కడే ఆ పాప పరిచయం. ఎర్రగడ్డ నుంచి నాన్న ఆటోలో వచ్చేది. కిరోసిన్ స్టవ్వు భగ్గుమని కుడి చెయ్యి కాలింది. కాలిన చర్మం మానుతూ బిగుసుకుంటుంది. వారం వారం సాగదీయకపోతే మోచెయ్యి వంగిపోయి అలాగే ఉండిపోతుంది. సాగదీస్తే నొప్పి. అందుకని మేడం పాపని డాబా మీదికి తీసుకెళ్ళి పతంగి ఎగరేయించేది. మాంజా కాదు, మామూలు దారం. నేను దారం చుట్టిన చరఖా పట్టుకునేవాణ్ణి.

"ఇంకా పైకమ్మా, ఇంకా పైకి. ఏంటండీ, మీరు దారం వదలరేంటి?" అని మేడం నన్ను కసిరేది.

"సారుకు రాదు మేడం. సారుకు తలుపులు కాల్వుడే వస్తది," అనేది పాప. చెయ్యి మాత్రం ఆకాశం వైపు చాచేది.

ఆ మాటతోనే నాకు ఆలోచన పుట్టింది. మంటను తలుపు ఎలా ఆపుతుందో ఈ పిల్లలు కళ్ళారా చూస్తే భయం పోతుందనుకున్నాను. మేడంతో అన్నాను.

"వద్దండీ," అంది ఆవిడ వెంటనే. "మంట మీకు పని. వాళ్ళకి అలా కాదు."

నేను వినలేదు. మేడం సరేనన్నారని తల్లిదండ్రులకు చెప్పి, ఒక ఆదివారం పిల్లల్ని షెడ్డుకి పిలిపించాను.

మొదట అంతా బాగానే జరిగింది. లోపల కొలిమి హోరుమంటుంటే, తలుపు ఇవతలి వైపు చెయ్యి పెట్టి చూడమన్నాను. పాప ఒక వేలితో ముట్టుకుని "సల్లగనే ఉన్నదుల్లా!" అని అరిచింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆపాల్సింది. అలవాటు కొద్దీ దూది తీసి తలుపు పై అంచున పెట్టాను. దూది గోధుమరంగుకి తిరిగి, భగ్గుమంది. నాకది ఒక ఫలితం. పాపకు మాత్రం మూసిన తలుపులోంచి కూడా మంట వచ్చేసింది. కాలిన చెయ్యిని పొట్టలోకి ముడుచుకుని నేల మీద కూలబడింది. ఎవరు లాగినా ఆ చెయ్యి వదల్లేదు.

అంతలో సంగతి తెలిసి మేడం ఆటో దిగింది. పాప నాన్న కోపంతో ఊగిపోతున్నాడు. "ఎవలు తోలుకరమ్మన్నరు పిల్లలను ఈడికి?"

నేను నేల చూస్తూ, "మేడం సరేనన్నారు," అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. "ముందు పాపని బయటికి తీసుకెళ్దాం," అంది. అంతే.

పాప రావడం మానేసింది. మేడం ఎర్రగడ్డ వెళ్తే పాప నాన్న గుమ్మంలోంచే పంపేశాడు. "నా మాట వినట్లేదు. ఆయనకి మీ మీద ఇంకా నమ్మకం ఉంది, మీరు వెళ్ళి తీసుకురండి. చెయ్యి బిగుసుకుపోతుంది," అంది నాతో. వెళ్ళాను. నన్ను మాత్రం కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు.

"నువ్వు మంచోనివి సార్. గానీ గా మేడమున్న కాడికి నా బిడ్డను పంప."

ఒక్క వాక్యం చెబితే పంపేవాడు. చాయ్ తాగి వచ్చేశాను.

ఆ తర్వాత ఎన్నో ఫైర్ సేఫ్టీ సభల్లో ఈ కథ చెప్పాను. పాప తలుపు ముట్టుకుంది, చల్లగా ఉందంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇందులో అబద్ధమేమీ లేదు. చప్పట్ల దగ్గర ఆపేసేవాణ్ణి, అంతే. ఈ మధ్య ఒక సభలో ఎవరో అమ్మాయి లేచి, "ఆ పాప చెయ్యి ఇప్పుడెలా ఉంది సర్?" అని అడిగింది. నాకు తెలియదు.

మర్నాడు అమీర్‌పేటలో మెట్రో కింద ఆటోల దగ్గర వాకబు చేశాను. పాప నాన్న ఇంకా ఆటో నడుపుతున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. బిడ్డకు పెళ్ళయింది, టైపింగ్ పని చేస్తోంది. చెయ్యి మాత్రం పూర్తిగా చాపలేదు.

"గా మేడం జెయ్యబట్టి సార్. నిన్న సుత తిట్టుకున్న."

అప్పుడు చెప్పాను. ఆవిడ వద్దందని, అబద్ధం నాదని.

"గామె మా ఇంటి ముంగట నిలవడ్డది సార్. నీళ్ళు సుత ఇయ్యలే," అన్నాడు. "అప్పుడే జెప్తే నా బిడ్డ చెయ్యి సక్కగయ్యేది గదా?"

"అయ్యేది."

"నంబరున్నదా?"

ఇచ్చాను. ఆవిడ ఇప్పుడు కాకినాడలోనే ఉంటోంది. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నన్ను పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నాలుగడుగులు వేశాను. వెనక నుంచి వినిపించింది.

"మేడం, ఎర్రగడ్డ పాప నాయినను... తప్పైంది మేడం."

నేను తిరిగొచ్చి, ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాను. ఆయన నా మొహంలోకి చూసి, కాసేపటికి ఇచ్చాడు.