నాలుగో దీపం

ఒక కంటికి ఎర్రద్దం, ఇంకో కంటికి ఆకుపచ్చద్దం ఉండే పిల్లల కళ్లజోడును స్పిరిట్ దూదితో తుడుస్తుంటే, ఆ ఘాటుకు నా కళ్లు చెమరుస్తాయి. సుశీలమ్మ మేడమ్ గుర్తొస్తారు. చంద్రపూర్‌లో, ఇళ్లమీద కేబుల్ టీవీ తీగలు కొత్తగా అల్లుకుంటున్న ఏళ్లలో, ఒక చిన్న కంటి ఆసుపత్రిలో నాకు పని నేర్పిన మనిషి. రాజురా వైపు రైతుల ఇంటి ఆడపడుచు. మరాఠీలో రాసి తెలుగులో తిట్టేవారు. నాకు డిప్లొమా వచ్చింది, ఆమెకు పని వచ్చు.

మెల్లకన్నుతో, ఒక కన్ను చెవివైపుకు జారే పిల్లలను ఆమె గదిలోకి పిలవకముందే పరీక్షించేవారు. వరండాలో కూర్చోబెట్టి దూరంగా పోయే బొగ్గు లారీలను చూపించేవారు. దూరం చూసినప్పుడే ఆ కన్ను పక్కకు పోతుంది. "ఎండల ఒక కన్ను మూస్తదా, అమ్మా?" అని తల్లులను అడిగేవారు. నేను పుస్తకం తిరగేసేలోపు ఆమెకు సగం సంగతి తెలిసిపోయేది.

మిగతా సగానికి గోడమీద నాలుగు దీపాల పెట్టె ఉండేది: పైన ఎర్రది, అటూ ఇటూ ఆకుపచ్చవి, కింద తెల్లది. ఆ రంగుల జోడులోంచి రెండు కళ్లూ కలిసి చూస్తే నాలుగూ కనిపిస్తాయి. జారిన కంటి చూపును మెదడు అణిచేస్తే రెండో మూడో. ఆ అణచడం అలవాటై ముదిరితే రెండు చూపులూ మళ్లీ కలవడం కష్టం.

ఒక ఉదయం కోర్పనా నుంచి పత్తి రైతు భార్య ఒకామె ఏడేళ్ల కూతురితో వచ్చింది. "ఎన్ని?" అన్నాను. "చార్!" అంది పిల్ల ఠక్కున, నాలుగని మరాఠీలో. ఆ పొద్దున వచ్చిన పిల్లలంతా చారే అన్నారు. నా హస్తవాసికి నేనే మురిసిపోయి, 'రెండు కళ్లూ కలుస్తున్నాయి, ఆపరేషన్ అక్కర్లేదు' అని చీటీ రాశాను. నాగపూర్ నుంచి నెలకోసారి వచ్చే డాక్టరు ఆ చీటీ చూసే నిర్ణయించేవారు.

మేడమ్ చీటీ చదివి, బస్సుకు బయల్దేరిన తల్లీకూతుళ్లను వెనక్కి పిలిచారు. పిల్లకు మళ్లీ జోడు పెట్టారు.

"ఎన్నని అడుగుతలేను, బిడ్డా. ఏది ఏడ ఉన్నదో చెప్పు."

"కింద ఒకటి, గీ పక్క ఒకటి, గా పక్క ఒకటి..." పిల్ల ఆగింది.

"నాలుగోది?"

"నాకు కనబడ్తలేదు. బయట అందరు చార్ అంటుండ్రు గద!"

తల్లి తల వంచుకుంది. "నేనే నేర్పిన, మేడమ్. తప్పు చెప్తే కన్ను కోస్తరని భయమైంది."

మా గదికి తలుపు లేదు, పరదా ఒక్కటే. అన్నాళ్లూ నేను చేసింది చూపు పరీక్ష కాదు, వినికిడి పరీక్ష!

మేడమ్ పిల్లవైపు తిరిగారు. "పోయి ముట్టి చూపియ్యి" అన్నారు పిల్లతో. పిల్ల గోడవైపు నడిచి, పెట్టెకు నాలుగడుగుల దూరంలో ఆగి అరిచింది. "అగో, పైన ఎర్రది ఎలిగింది!"

"లైటు ఎవరేసిండ్రు?" తల్లి అటూ ఇటూ చూసింది.

"ఎవ్వలు ఎయ్యలే. దగ్గరికొస్తే నీ బిడ్డ కండ్లు రెండు కలుస్తున్నయ్. దూరం పోతే ఒకటి పండుకుంటది. ఇంకా మించిపోలే, గిప్పుడే బాగు చేయించు." తర్వాత నా చేతిలో పెన్ను పెట్టారు. "కొట్టెయ్, సారూ. పిల్లది తప్పు కాదు, తల్లిది కాదు. వాకిట్లనే జవాబు దొరికే ప్రశ్న నువ్వడిగినవ్."

ఆ నెలే ఆపరేషన్ జరిగింది. తర్వాత వచ్చినప్పుడు ఆ పిల్ల గది ఈ చివర నుంచే, అన్నిటికంటే ముందు ఎర్రదాన్ని చూపించింది.

ఇప్పటికీ నేను ఏ పిల్లనూ ఎన్ని అని అడగను. ఠక్కున సరైన జవాబు వస్తే భయమేస్తుంది. ఇంకాసేపు కూర్చోబెట్టి, కబుర్లు చెప్పిస్తూ, కన్ను ఎప్పుడు జారుతుందో గమనిస్తాను. బయట క్యూలో జనం విసుక్కుంటారు. ఏం చేయను, నాకు చూపు కాస్త ఆలస్యంగా ఆనుతుంది.