వంగతోటకు తెచ్చిన కందిరీగలు

అరవైల చివర్లో మాట. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో, మా పెరటిని ఆనుకునే వంగతోట ఉండేది. ఆ ఏడు కాయలన్నీ పుచ్చిపోయి నాన్నకు కంటి మీద కునుకు లేదు. సాలూరు కొండల వైపు సంతకు వెళ్లినప్పుడు అక్కడి కందిరీగలు పురుగుల్ని వేటాడటం చూశాడట. ఇంకేముంది, ఒకరోజు పొద్దున్నే, చలికి అవి కదల్లేకుండా ఉన్న వేళ, కొమ్మతో సహా ఒక తుట్టెను నరికి తడిగోనెలో చుట్టి తెచ్చేశాడు. అంత పొడవు కాళ్ల ఎర్ర కందిరీగల్ని మా ఊళ్లో ఎవరూ ఎరగరు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని అమ్మ నెత్తి కొట్టుకుంది.

నాకప్పుడు పదేళ్లు. నా ప్రాణమంతా పెరట్లో నిమ్మచెట్టు మీదుండేది. దాని ఆకుల మీద పదకొండు పచ్చపురుగులు. వాటిని నలిపి పారేస్తానన్న అమ్మను ఒక పూట అన్నం మానేసి ఒప్పించాను. రెక్కలొచ్చి సీతాకోకచిలుకలై ఎగిరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, అదీ ఒప్పందం. రోజూ బడికి వెళ్లేముందు లెక్కపెట్టుకునేదాన్ని.

నాన్న తుట్టెను తోటలో పాక వాసానికి కట్టాడు. నాలుగు రోజులు తిరిగాయో లేదో, నేను చూస్తుండగానే ఒక కందిరీగ వచ్చి నా పురుగుల్లో అన్నిటికన్నా పెద్దదాని తల పట్టుకుంది. కొరికి, నమిలి, ఉండలా చుట్టుకుంది. ఆ పచ్చటి ఉండను మోసుకుని పాక వైపు ఎగిరిపోయింది. నేను ఇంట్లోకి పరిగెత్తాను. చీపురు తెచ్చేసరికి ఇంకో రెండు వచ్చి వాలాయి. ఒకటి నా చెవి మీద కుట్టింది.

"నాన్నా, నా పురుగుల్ని తినేస్తన్నాయి!"

నాన్న పగలబడి నవ్వాడు. "తినడానికే కదే తెచ్చింది! ఇంక మన తోటకి బెంగ నేదు."

వారం తిరిగేసరికి నిమ్మచెట్టు మీద ఒక్కటీ లేదు.

విత్తనం అడిగితే లేదనకూడదన్నది మా ఇళ్లలో పద్ధతి. కందిరీగలు నెల తిరక్కుండా పాకలో మరో మూడు తుట్టెలు పెట్టాయి. "బావా, మాకూ ఓటియ్యి" అంటూ తోటలున్నవాళ్లంతా తడిగోనెలతో వచ్చారు. నాన్న వంగనారు పంచినట్టే పంచిపెట్టాడు. ఎంత మర్యాదో! పంచింది కందిరీగల్ని.

కందిరీగలొచ్చాక మొదటి కోతనాడు నాన్న నలుగురి ముందూ మీసం దువ్వి, ఒక కాయ తీసి రెండుగా కోశాడు. లోపల పురుగు మెసులుతోంది. ఇంకోటి కోశాడు. దాంట్లోనూ పురుగే. అది కాయలోపల దాక్కుని తినే పురుగు, కందిరీగకు అందదు. వాటికి దొరికిందల్లా ఆకుల మీద తిరిగే ప్రాణులే. మాకు ఏ హానీ చేయనివి కూడా పోయాయి.

"ఆ తుట్టెలన్నీ తిరిగి తెచ్చీ నాన్నా" అన్నాను.

"ఇచ్చిన విత్తనం ఎనక్కెలాగడుగుతానే?" అన్నాడు. అప్పటికి అడిగినా ప్రయోజనం లేదు, ఊళ్లో చూరు చూరుకీ తుట్టెలున్నాయి.

తర్వాతి ఏడు వానలు పడ్డాక నాన్న నన్ను నిమ్మచెట్టు దగ్గరికి పిలిచాడు. కొమ్మలు వంచి, ఆకు ఆకూ తిరగేసి పచ్చపురుగుల కోసం వెతికాడు. "ఒక్కటీ నేదేటే?" అని అడిగి, నా ముందు తల దించుకున్నాడు. మా నాన్న ఎవరి ముందైనా తల దించడం నేను చూడటం అదే మొదలు. భయంతో ఏడుపొచ్చేసింది.